తల దించరా

“మళ్ళీ వెయ్యి.”

“ఏ ముక్క? నీ దుప్పట్లతో కుట్టించిన యూనిఫాంలు కనిపించేదా?”

“దుప్పట్ల సంగతి తరవాత తేలుస్తా. కందకంలో వాడు వణుకుతూ మాట్లాడేది వెయ్యి.”

అద్దె గదిలో కిటికీకి పరుపు అడ్డంపెట్టి, తమ్ముడు తన యుద్ధం సినిమాకి చప్పుళ్ళు అతికిస్తున్నాడు. అప్పుడే వచ్చిన అక్క చెప్పులు కూడా విప్పలేదు.

“బాగా వచ్చింది కదూ? ఉన్నది ఆరుగురు సైనికులే అయినా...”

“అందులో ఒకడు మూడుసార్లు చచ్చాడు, చూశాను. ఈ గొంతెవరిది?”

“హీరోది.”

“వాడు భయపడితే పంటినొప్పిలా ఉంటుందని నువ్వేగా ఏడ్చావు.”

“డబ్బింగ్‌లో కుదిరిందక్కా.”

“‘తల దించు, తల దించరా.’ చిన్నప్పుడు రోజూ నన్ను బడికి లేపిన గొంతురా అది. నాన్నదేనా?”

“ఆయన మాట్లాడతారనుకోలేదు. ఊపిరి చప్పుడు దొరికితే చాలనుకున్నా.”

“ఏం చేశావు?”

“నువ్వు బజారుకెళ్ళినప్పుడు మీ ఇంటికొచ్చా. నాన్న నిద్రపోతున్నారు. మంచం పక్క కిటికీలో మైకు పెట్టి, మేడమీంచి...”

“మేడమీంచి?”

“ఇనప రేకులు పడేశా. ఒక్కసారే. సరే, రెండుసార్లు.”

“నిజం యుద్ధం చూసొచ్చిన మనిషి పక్కన.”

“దిగొచ్చి కిటికీలోంచి చూస్తే, మంచం కిందికి దూరి ఉన్నారు. పక్కనెవరో ఉన్నట్టు చెయ్యి అడ్డంపెట్టి...”

“ఊ.”

“తిట్టు. ఊ అనకు.”

“చూస్తూ నిలబడ్డావా? లోపలికెళ్ళి నేనే నాన్నా అనలేదా?”

“రికార్డవుతోంది కదా.”

“రికార్డవుతోంది.”

“తీసేస్తానక్కా. రేపే సినిమా పంపాలి. ఆ గొంతు లేకపోతే సీను చస్తుంది, చావనీ. నాన్నకి మాత్రం చెప్పకు.”

“ఆయన నిన్నేమీ అడగలేదా?”

“ఆ ఊసే ఎత్తలేదు. మర్చిపోయారనుకున్నా.”

“నన్నడిగారు. నేను తిరిగొచ్చేసరికి ఇంకా మంచం కిందే ఉన్నారు. పేలిందమ్మా, వీధిలో ఎవరైనా విన్నారా అన్నారు.”

“నువ్వేమన్నావు?”

“కనుక్కొచ్చి, ఏ పేలుడూ లేదు నాన్నా, అంతా మీ తలలోనే అన్నాను. డాక్టరూ అదే అన్నాడు. పాపం, నమ్మారు. బుద్ధిగా మాత్రలు మింగారు.”

“అక్కా...”

“మతి తప్పినవాణ్ణి నీ పిల్లల మధ్య ఉంచకు, ఎక్కడైనా హోమ్‌లో చేర్పించమ్మా అని ఆయనే బతిమాలారు. ఇందాకే దిగబెట్టి, ఆ మాట నీకు చెబుదామని వచ్చాను.”