లేని జ్వరం

నల్లగండ్లలో బడి ముందు స్కూటర్ ఆపిన తండ్రికి, పదో తరగతి కూతురు ఎదురొచ్చి నిలబడింది.

“నాకు జ్వరమని పీటీ సార్‌కు ఎందుకు చెప్పినవ్ నాయినా?”

“పరీక్షలు మీదికొచ్చినయి. కబడ్డీ ఆడితే రేపు హైటెక్ సిటీల కొలువిస్తరా?”

“అన్నకు పరీక్షలప్పుడే క్రికెట్ బ్యాట్ కొనిచ్చినవ్ గదా!”

“వాడు మగపిల్లగాడు. నోర్మూసుకొని బండెక్కు.”

“ఎక్క. నన్ను జిల్లా టీంలకెల్లి తీసేసిన్రు.”

“గంత ఆడాలనుంటే, జ్వరం లేదని నువ్వే చెప్పకపోయినవా?”

“చెప్తే, మా నాయిన అబద్ధమాడిండని అందరికీ తెల్వదా?”

ఆమె కళ్లు తుడుచుకుని ఇంటిదారి పట్టింది. ఆయన కిక్కు కొట్టకుండా, స్కూటర్ తోసుకుంటూ వెనకాలే నడిచాడు.

“నా ఎంబడి రాకు,” అంది ఆమె, తిరిగి చూడకుండానే.