ముప్పై ఎనిమిది నిమిషాలు: డోరీన్ మెకాస్కిల్ గారి పదవీ విరమణ వేళ

2003 ఏప్రిల్ 14న హాలిఫాక్స్‌లో మన గ్రామీణ వైద్య విధాన టాస్క్‌ఫోర్స్‌లో చేరిన శ్రీమతి డోరీన్ మెకాస్కిల్ గారు, ఎనిమిదేళ్ల తరువాత ఒక అక్టోబరు సోమవారం ఉదయం పదకొండు గంటలకు, ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకొని, నివేదిక ప్రతులను పెట్టెల్లో సర్దుతున్న మనుషులను రెండో చేత్తో ఆగమంటున్నారు. మధ్యాహ్నం రెండింటికి విడుదల. అందులోని పన్నెండో సిఫారసు కార్మోడీ కోవ్ ఆసుపత్రిలో ప్రసూతి వార్డును మూసేయమంటోంది. ఫోను చేసిన ముప్పై ఎనిమిది నిమిషాల్లో గర్భిణులు పెద్దాసుపత్రికి చేరుతున్నారన్నదే దానికి ఆధారం.

ఫోనులో ఉన్నది ఆ వార్డు నర్సు గ్లెండా బూడ్రో. నివేదిక ఆమెకు ఆ ఉదయమే అందింది.

"ముప్పై ఎనిమిదా? ఎవరమ్మా ఈ లెక్క కట్టింది? మా ఆంబులెన్స్ డ్రైవరు చేపల ఫ్యాక్టరీలో చేతులు కడుక్కొని బండి దగ్గరికి రావడానికే ఇరవై నిమిషాలు. మీరొకసారి నొప్పులు పడుతూ ఆ రోడ్డు మీద రండి."

"నాకు యాభై రెండు, గ్లెండా. ఆ ముచ్చట తీరిపోయింది. నిజంగా ఎంతసేపు?"

"గంటకు తగ్గితే నా ఉద్యోగం మీరు తీసుకోండి."

డోరీన్ గారు అధ్యక్షులు డాక్టర్ రాంకిన్ గారి గదికి దాదాపు పరుగెత్తారు. ఆయన విన్నారు, గడియారం చూశారు.

"ఒక నర్సు మాట మీద మంత్రిగారి ముందు నివేదిక ఆపలేను. తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరు చేశారో నాకు చెప్పండి. అప్పుడు ఆపుతాను." ఆయన చూపు గదిలోనే ఉన్న, గణాంకాల విభాగంలో రెండు నెలల క్రితం చేరిన ఎలియాస్ ఖత్తార్ వైపు తిరిగింది. "ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వచ్చావు కదూ? వార్డులు మూయించే లెక్కలు అక్కడ బాగా నేర్పుతారు."



ప్రతి సమావేశానికి ముందు సిబ్బంది లేచి నిలబడి తాము పూర్వం ఎక్కడ పనిచేశారో చెప్పడం మన దగ్గర ఆచారం. పాత యజమాని మీద అభిమానం కొత్త పనిలోకి చొరబడకూడదని పెట్టిన ఏర్పాటు అది. ఎలియాస్ కంపెనీ పేరు విన్న ప్రతిసారీ ఎవరో ఒకరు ముక్కు విరిచేవారు. డోరీన్ గారు చెప్పేది మాత్రం అందరూ విని, తల ఊపి, మరిచిపోయేవారు. మరిచిపోకూడని వివరాలవి. 1984 నుంచి పన్నెండేళ్లు ఆమె తీరప్రాంత ఆంబులెన్స్ కేంద్రంలో ఫోను ఎత్తి బండ్లు పంపించారు. తరువాత ఏడేళ్లు ఒక ఆసుపత్రిలో రోగుల దస్త్రాలు చూశారు. టాస్క్‌ఫోర్స్‌లో సహాయకురాలిగా చేరి, అయిదేళ్లు తిరగకుండానే కార్యదర్శి అయ్యారు. తొందర ఆమె స్వభావం. కుర్చీలో కుదురుగా కూర్చున్న డోరీన్ గారిని చూసినవారు మనలో ఎవరూ లేరు.

ఆ రోజు ఆమె ఎలియాస్‌ను వెంటబెట్టుకొని దస్త్రాల గదిలోకి వెళ్లారు.

"నేను ఒక్క అంకె కూడా మార్చలేదు, డోరీన్ గారూ. కార్డుల మీద ఉన్నదే ఎక్కించాను."

"తెలుసు నాయనా. ఏడుపు తరువాత ఏడుద్దువుగాని. ముందు ఆ పెట్టె దించు."

కార్మోడీ కోవ్ నుంచి 1996 దాకా వచ్చిన పిలుపుల కార్డులవి; ఆ తరువాతి లెక్కలు దొరక్క నివేదిక వీటి మీదే ఆధారపడింది. ప్రతిదాని మీద పిలుపు అందిన సమయం యంత్రంతో ముద్ర పడి ఉంది, పక్కనే కార్డు నింపినవారి పొడి అక్షరాలు. ఆమె మొదటిది చూశారు. రెండోది చూశారు. మూడోదానికి చేతులు ఆగిపోయాయి. ముద్ర యంత్రం గదికి ఆ చివర ఉండేది. ఫోనులో వణికిపోతున్న మనిషిని వదిలి అక్కడిదాకా నడవడం ఆమెకు ఒక్కనాడూ చేత కాలేదు. డ్రైవరును పిలిపించి, బండి కదిలిందని తెలిశాకే ఫోను పెట్టి, వెళ్లి ముద్ర వేసేవారు. భయంతో ఉన్నవారికి తోడుగా నిలిచిన ఇరవై, పాతిక నిమిషాలు ఏ కార్డు మీదా లేవు.

"డి.ఎమ్. అంటే ఎవరండీ?" అని అడిగాడు ఎలియాస్.

ఆమె కార్డులు తీసుకొని బయటికి నడిచారు. పెట్టెలు మళ్లీ బండికెక్కుతున్నాయి.

2024 జూన్ 30న ఇరవై ఒక్కేళ్ల సేవను ముగించుకొని డోరీన్ గారు విశ్రాంతి తీసుకోబోతున్నారు. విశ్రాంతి ఆమెను భరించగలదా అన్నది వేరే సంగతి. కార్మోడీ కోవ్ వార్డులో ఈ వసంతంలోనూ పిల్లలు పుట్టారు. ఆమె మోకాళ్లు సముద్రపు గాలిలో నడకకు సహకరించాలనీ, మనవలతో వాదించే ఓపిక ఎన్నటికీ తగ్గకూడదనీ, నిండు ఆరోగ్యంతో నూరేళ్లు ఇలాగే మనందరినీ తొందర పెడుతూ ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం. ఈ కోరిక వెనుక ఉన్న గౌరవం ఆనాడు, విడుదలకు ఇరవై నిమిషాల ముందు, అధ్యక్షుల గదిలో పుట్టింది.

ఆమె కార్డులను బల్ల మీద పరిచారు.

"తప్పు దొరికింది. పిలుపు అందగానే వేయాల్సిన ముద్ర బండి కదిలాక వేశారు. పన్నెండేళ్లూ అంతే."

రాంకిన్ గారు కార్డులు తిరగేశారు. ఎలియాస్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఈ అబ్బాయి కాదన్నమాట."

"వీడు అప్పటికి బడి కూడా దాటలేదండీ."

"మరెవరు? పేరు చెబితే మంత్రిగారికి ఇప్పుడే ఫోను చేస్తాను. కానీ ఆ మనిషి ఉద్యోగానికి నేను హామీ ఇవ్వలేను."

"అడగను కూడా," అన్నారామె, నిలబడే. "రాసుకోండి. డోరీన్ మెకాస్కిల్."