‘రేపు’ అని రాసిన పుట

ముప్పై నాలుగేళ్ళ క్రితం, జూన్ మూడవ తేదీ సోమవారం ఉదయం, చేతిలో నియామక పత్రంతో, భుజాన గుడ్డసంచితో, కాళ్ళకు మగవాళ్ళు తొడిగే బూట్లతో మన భూసర్వే కార్యాలయం మెట్లెక్కిన యువతిని చూసి, టైపిస్టు ఉద్యోగానికి వచ్చారనుకుని అప్పటి గుమాస్తాగారు కుర్చీ చూపించారట. ఆమె కూర్చోలేదు. “గునపాలు ఎక్కడ పెడతారండీ?” అని అడిగారట. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మన సీనియర్ మృత్తికా శాస్త్రవేత్త ఉద్యోగ జీవితం ఆ ప్రశ్నతో ఆరంభమైంది. ఆఫీసంతా ఆమెను చాటుగా ‘గుంటలమ్మ’ అంటుంది. ఆ సంగతి ఆమెకు తెలియదనుకుని ఏళ్ళ తరబడి మురిసిపోయాం. ఒకనాడు ఆమె ఆ పేరే రాయించిన టీ కప్పుతో వచ్చి మన మధ్య కూర్చునేసరికి అందరి నోళ్ళూ మూతపడ్డాయి.

తొలి పద్నాలుగు సంవత్సరాలూ కొండవాలులు, వాగుల గట్లు, బీడు భూములే ఆమె కార్యక్షేత్రం. నేల స్వభావం తెలియాలంటే మనిషి నిలువున దిగేంత గుంట తవ్వాలి. అందులోకి దిగి, గోడలో ఒక్కొక్క పొరనూ కత్తిమొనతో గుచ్చి చూసి, దాని రంగును రంగుల పుస్తకంతో సరిపోల్చి, చిటికెడు మట్టిని తడిపి వేళ్ళ మధ్య సాగదీసి, అందులో బంకమన్ను పాలెంతో చెప్పాలి. ఆమె అలా పదకొండు వందల పైచిలుకు గుంటల్లోకి దిగి ఎక్కారు. గడియారాలు బాగుచేసే ఆమె భర్తగారిని ఈ సంచిక కోసం పలకరిస్తే, “పెళ్ళయిన కొత్తలో ముచ్చటపడి ఓ పూలకుండీ తెచ్చానండీ. మొక్క పెడుతుందనుకున్నా. చెంచాతో అడుగుదాకా తవ్వి చూసి, ‘నీళ్ళు నిలుస్తాయి, తిరిగిచ్చి రండి’ అంది,” అని నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. “ఈ ఆరేళ్ళుగా వానొస్తే మాత్రం నాతో కూడా మాట్లాడదు,” అన్నారు.

ఆ మాటకు కారణం తెలిసిన ఇద్దరిలో ఈ వ్యాసకర్త ఒకడు. అభినందన సంచికలో అప్రియమైన సంగతులు రాయడం మర్యాద కాదని అతనికి తెలుసు. అయినా ఆ ఒక్కటీ వదిలేసి ఆమె గురించి రాయడమంటే, గుంట తవ్వకుండా నేల గురించి చెప్పడమే అవుతుంది.

ఆమె సర్వీసు పద్దెనిమిదో ఏట, చెదలు తినగా మిగిలిన క్షేత్ర పుస్తకాలనూ కాగితపు పటాలనూ కంప్యూటరులోకి ఎక్కించే బృహత్కార్యం మన కార్యాలయానికి వచ్చింది. జిల్లా నేలను ఆరువందల పన్నెండు ఖండాలుగా విభజించి, ప్రతి ఖండానికీ ఒక వరస కేటాయించి, అందులో వాలు, లోతు, బంకపాలు, నీరు ఇంకే తీరు నింపాలి. ఏ స్థలం పంటకు, ఏది అడవికి, ఏది ఇళ్ళకు అన్నది ప్రణాళికా శాఖ ఆ వరసలు చూసే నిర్ణయిస్తుంది. కంప్యూటర్ ఆపరేటరుగా అప్పుడే చేరిన ఈ వ్యాసకర్త పక్కన కుర్చీ వేసుకుని ఆమె నాలుగేళ్ళపాటు చదివారు, అతను టైపు కొట్టాడు. తవ్వని ఖండం పటంలో తెల్లగా ఉండాలన్నది ఆమె పెట్టిన నియమం. తక్కిన ఆఫీసుల్లో మాత్రం పక్క ఖండం అంకెలను తెచ్చి ఖాళీలో పోసేవారు. పక్కింటికి వెళ్ళి కప్పుడు చక్కెర తెచ్చుకున్నంత సులువుగా సాగే ఈ పనిని మేము ‘పొరుగుమట్టి’ అని ఎగతాళి చేసేవాళ్ళం.

ఒక శుక్రవారం, సోమవారానికల్లా తెల్లమచ్చ లేని పటం కావాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ఖాళీలు ముప్పై ఒకటి. విమానం నుంచి తీసిన ఫొటోలూ పాత రాతలూ ముందేసుకుని, భోజనం కూడా మాని, తన నియమాన్ని తానే పక్కన పెట్టి, ఆమె ముప్పై పూరించారు. రెండువందల పద్నాలుగో ఖండం మిగిలింది. దాని క్షేత్ర పుస్తకం తెరిస్తే పుటంతా ఖాళీ. పైన ‘రేపు’ అని ఒకే ఒక్క మాట ఉంది.

“నా రాతే,” అన్నారామె. “ఆ రోజు వానకి రోడ్డు తెగింది. మర్నాడు పొద్దున్నే వేరే క్యాంపుకి తీసుకెళ్ళే జీపు వచ్చేసింది. మళ్ళీ అటు పోలేదు.”

“మరిప్పుడేం చేద్దాం మేడం?”

“తెల్లగా వదిలెయ్యి.”

అప్పటి డైరెక్టరుగారు మూడోసారి ఫోన్ చేశారు. రిసీవరు దాటి గది అంతా వినిపించింది. “ఒక్క మచ్చ కోసం జిల్లా పటం ఆపుతారా? నా తల తీసి వాళ్ళ చేతిలో పెట్టమంటారా?”

ఆమె ఫోన్ పెట్టేశాక ఈ వ్యాసకర్త నోరు విప్పాడు. “పక్కనే రెండువందల పదమూడు ఉంది కదా మేడం. వాలు ఒకటే, రాయి ఒకటే. దాన్నే దించేస్తే పోలా?”

ఆమె క్షేత్ర పుస్తకం మూసేశారు. “సరే. అంచనా అని గుర్తు మాత్రం పెట్టు.”

ఆ గుర్తు పెడితే పటంలో ఆ ఖండం మీద అడ్డగీతలు పడతాయి. గీతలు కూడా వద్దని డైరెక్టరుగారు ముందే చెప్పి ఉన్నారు. ఈ వ్యాసకర్త గుర్తు పెట్టలేదు. సోమవారం ఉదయం అచ్చయి వచ్చిన పటం మీద గీతలు లేవని ఆమె చూశారు. చూసే సంతకం పెట్టారు.

రెండేళ్ళకు ఆ ఖండం మీద, వరదలో ఇళ్ళు పోయినవారి కోసం నలభై ఆరు ఇళ్ళ కాలనీ లేచింది. మన పటం ప్రకారం అక్కడ పైన పలచని మట్టి, కింద గట్టి రాయి. నాలుగో వానాకాలంలో ఒక మధ్యాహ్నం, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు, పై వరస ఇళ్ళు కింది వరస మీదికి జారిపోయాయి. ఇరవై మంది పోయారు. విచారణ సంఘం ‘అసాధారణ వర్షపాతం’ అని తేల్చింది. నివేదికలో మన కార్యాలయం ఊసే లేదు. ఆ రోజు ఇక్కడ చాలామంది హమ్మయ్య అనుకున్నారు. ఈ వ్యాసకర్త కూడా అనుకున్నాడు; అందుకు ఈనాటికీ సిగ్గుపడుతున్నాడు.

ఆమె అనుకోలేదు. వానలు తగ్గిన వారానికి, యాభై నాలుగేళ్ళ వయసులో, గునపం పట్టుకుని ఆ వాలు మీదికి వెళ్ళారు. వెంట ఈ వ్యాసకర్త ఉన్నాడు. భార్యనూ పెద్దకొడుకునూ పోగొట్టుకున్న ఒక తాపీమేస్త్రి, కూలిన గోడ మీద కూర్చుని, ఆమె తవ్వడం చూస్తూ ఉండిపోయాడు. నడుంలోతు దిగేసరికి బూడిదరంగు బంకమన్ను బయటపడింది. చేత్తో తడిమితే సబ్బులా జారింది. అంతవరకూ గట్టి రాయి తగల్లేదు.

“ఏంటమ్మా అది?” అన్నాడు మేస్త్రి.

“దీనిమీద ఇల్లు కట్టకూడదు నాయనా.”

“ఇది తవ్వడానికి ఎంతసేపు పట్టింది మీకు?”

ఆమె చేతిగడియారం చూసుకున్నారు. అబద్ధమాడటం ఆమెకు చేతకాదు. “మూడు గంటలు.”

మేస్త్రి లేచి వచ్చి, ఆమె చేతిలోని గునపం తీసుకుని, గుంటలోకి దిగి, రాయి తగిలేదాకా తనే తవ్వాడు. తిట్టి ఉంటే బాగుండేదని తిరుగుదారిలో జీపులో ఆమె ఏడ్చారు.

గత ఏడాది కంప్యూటరులోని మన పాత సమాచారాన్ని కొత్త వ్యవస్థలోకి మార్చే పని మొదలైంది. కొత్తదానిలో రెండువందల పద్నాలుగుకు సరైన అంకెలే ఉంటాయి; పాత తప్పు ఆనవాలు లేకుండా చెరిగిపోతుంది. ఆ తప్పు వరస కూడా పక్కనే ఉండాలని, ఎవరు నింపారో, ఎందుకు నింపారో, ఎవరు సంతకం చేశారో రాసి ఉండాలని ఆమె ఎనిమిది లేఖలు రాశారు. ఇప్పటి డైరెక్టరుగారు సౌమ్యులు, పిలిచి నచ్చజెప్పారు. “వెళ్ళిపోయే ముందు ఈ రభస ఎందుకమ్మా? శాలువా కప్పించుకుని చల్లగా వెళ్ళక.”

“శాలువా వద్దు సార్. ఆ వరస ఉంచండి. రేపు ఇంకో పిల్లాడు ఇదే కుర్చీలో కూర్చుని పొరుగుమట్టి పోసేముందు అది కనబడాలి.”

అనుమతి రాలేదు. అయితే ఈ అభినందన సంచిక సంపాదకత్వం ఈ వ్యాసకర్తకు అప్పగించారు. అచ్చయిన ప్రతి సంచికా కార్యాలయ గ్రంథాలయంలో శాశ్వతంగా ఉంటుంది గనుక ఆ వరసను ఇక్కడ ఉంచుతున్నాడు. ఇంకా పదకొండేళ్ళ సర్వీసున్న అతనికి దీని పర్యవసానం తెలియకపోలేదు.

రెండువందల పద్నాలుగో ఖండం. తవ్వలేదు. పక్క ఖండం అంకెలు దించడమైనది. అంచనా అనే గుర్తు పెట్టలేదు. సలహా ఇచ్చి నింపినది ఈ వ్యాసకర్త. చూసి సంతకం చేసినది ఈ సంచికలో సన్మానం పొందుతున్నవారు.

అచ్చుకు పోయేముందు ప్రతిని ఆమె ఇంటికి తీసుకువెళితే, కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. ‘అసమాన ప్రజ్ఞాశాలి’, ‘నిష్కళంక’ అన్న మాటలు కొట్టేశారు. ఆ పైన ఒక్క అంకె దిద్దారు. “పందొమ్మిది కాదు, ఇరవై. నెల తర్వాత ఆసుపత్రిలో పోయిన పాపని నువ్వు వదిలేశావు.” తర్వాత బల్ల సొరుగు లాగి ఒక కాగితం చూపించారు. ఆ శుక్రవారం ఫొటోలు చూసి పూరించిన ముప్పై ఖండాల జాబితా అది. ఏడింటి ఎదురుగా ఎర్రసిరాతో గుర్తులున్నాయి. వాటి మీద ఇప్పుడు జనం కాపురాలున్నారు. విరమణ తర్వాతి ఉదయం నుంచి ఆ ఏడింటితో మొదలుపెట్టి ముప్పై గుంటలూ తవ్విస్తారట. తాపీమేస్త్రి వస్తానన్నాడు. ఆదివారాలు ఈ వ్యాసకర్తా వెళతాడు. “ఈ మోకాళ్ళతో దిగుతుందిట,” అని భర్తగారు లోపలినుంచి విసుక్కున్నారు. విసుక్కుంటూనే బూట్లకు కొత్త తాళ్ళు ఎక్కిస్తున్నారు.

కనుక, సహోద్యోగులందరి పక్షాన కోరుకునేది ఇదే: ఆమె మోకాళ్ళకు బలం, గుండెకు నిబ్బరం, కంటికి కునుకు దక్కాలి. ముప్పై గుంటల్లోకీ దిగి, ముప్పైసార్లూ క్షేమంగా పైకెక్కేటంత ఆయుష్షు ఆమెకు ఉండాలి. ఆ ఏడు ఖండాల మీద ఉన్నవాళ్ళ వంతు వచ్చేదాకా వానలు కాస్త ఆగాలి.