బాపు ఫిట్టుగనే ఉన్నడు

హలో… ఆ, టిమోతీ, నేనేరా. బాపును.

…

ఇనవడుతుందా? కాయిన్ బాక్సు కాడికెల్లి చేస్తున్న. ఇది రూపాయి మింగుడు జల్ది, మాట పోనిచ్చుడు నిమ్మలం. తిన్నవా?

…

గొంతు దిగుతలేదా… జర మజ్జిగన్న తాగు. ఆ మందు ఎక్కించిన సంది నోరంత పుండ్లాయె నీకు.

…

ఎంటికలా? మల్ల అస్తయిరా. నా నెత్తి సూడు, ఏ మందు ఎక్కియ్యకున్నా పాయె.

…

ఆ, గట్ల నవ్వు జర.

…

సరే… టిమోతీ, మీ అవ్వ చెప్పింది. రేపటి ఆపరేషన్‌కు సంతకం పెట్టనన్నవట.

— ఆగు. ఆగురా, నన్ను మాట్లాడనియ్యి.

డాక్టర్ విద్య మేడం మనిద్దరి ముందటనే చెప్పె గదా. మోకాలు కాడి ఎముకల క్యాన్సర్, లక్షల్ల ఒకలకు అస్తదని. మందు ఎక్కిస్తే గడ్డ కుంగుతదేమో, కాలు ఉంచచ్చేమో అని సూసిండ్రు. కుంగిందా? పెద్ద రక్తనాళాన్ని సుట్టుకొని కూసున్నది. ఇగ మోకాలు పైకెల్లి కాలు తీసుడే. తియ్యకుంటే ఊపిరితిత్తులకు పాకుతది.

…

నాకేం తెలుసా? ఊపిరితిత్తుల సంగతి నాకు తెల్వకుంటే ఎవలకు తెలుస్తదిరా! బొగ్గుబాయిల ముప్పై ఏండ్ల సంది దుమ్ము మింగుతున్నోన్ని.

…

బుచ్చన్నను ఏమనకు. ఆయనదేం తప్పు లేదు. వాలీబాల్ ఆడంగ మోకాలు వాస్తే బెణికిందనుకున్నం. బాయిల దెబ్బ తాకిన ప్రతోడు బుచ్చన్న తానకే పోతడు, నూనె పెట్టి తోమిచ్చుకుంటడు, తెల్లారి డ్యూటీ ఎక్కుతడు. నిన్నూ ఆడికే తీస్కపోతిమి. ఎముక లోపట ఏమున్నదో నూనెకెట్ల తెలుస్తది? ముక్క తీసి పరీక్ష చేసినంకనే దాని పేరు బయటపడె.

…

ఏంది?

…

నౌకరా? ఏం నౌకరి?

…

ఓరి నీ… గిందుకా? కాలు లేకుంటే కంపెనీ మెడికల్ల ఫేలయితవని, నౌకరి రాదని… గిందుకా సంతకం పెట్టంది? నువ్వు భయపడ్డవేమో అనుకున్న గదరా నేను!

…

తెలుసు బిడ్డా. మెడికల్ బోర్డు నాకు అన్‌ఫిట్ రాస్తే నా బదులు నీకు నౌకరి. ఐటిఐ అయినకాడికెల్లి దానికే ఎదురుసూస్తున్నవు. ఇంటిల్లిపాది గదే సూస్తున్నం. నా ఎక్స్‌రేల మచ్చలు కనవడ్డనాడు మీ అవ్వ పాయసం వండె, యాదికున్నదా? చర్చిల అందరు నాతోని చేయి కలిపిరి. మనిషి ఊపిరి పాడయితే గంత సంబరం మన గోదారిఖనిల తప్ప ఏడన్న ఉంటదారా…

…

బోర్డు లేదు.

…

ఎల్లుండి గూడ లేదు. నాకు లేదు, గంతే.

…

ఆ సప్పుడా? సైరన్. సెకండ్ షిఫ్టుది.

…

ఇంటికాడ లేను, బాయి కాడనే ఉన్న. బూట్లేసుకున్న. నెత్తిబత్తి తీస్కొని దిగుడే.

…

ఎందుకంటే, డ్యూటీ ఉన్నది గనుక!

…

మొన్న ఆఫీసుకు పోయి చెప్పిన. నాకు బోర్డు వద్దు, దరఖాస్తు వాపస్ ఇయ్యుండ్రి, నేను ఫిట్టుగనే ఉన్న అని. క్లర్కు గిడియోన్ లేడా, నా ముఖం సూసి, మార్కన్నా, నీకు పిచ్చి లేసిందా అన్నడు.

…

ఒర్రకు. ఒర్రకురా… పక్క మంచాలోళ్లున్నరు.

…

అవును, కావాల్ననే చేసిన, నీ మందులు ఆగద్దని! ఇగ ఆ నౌకరి లేదు. నీకూ లేదు, ఎవలకూ లేదు. ఇప్పుడు చెప్పు, ఆ కాలు దేనికోసం దాసుకుంటవ్?

…

…

ఏడువు బిడ్డా. ఏడువు. నేను ఇనుకుంటనే ఉన్న.

…

ఆగు, రూపాయి ఎయ్యాలె… ఆ, చెప్పు.

…

దగ్గా? దుమ్ముది, ఏం కాదు. డ్యూటీ దిగినంక సర్దుకుంటది. నేను డ్యూటీల ఉంటేనే నీ ఆపరేషన్, తర్వాతి మందులు, అన్ని కంపెనీ మీద నడుస్తయి. ఫికర్ చెయ్యకు.

…

నా మీద కోపం ఉంటే ఉండనియ్యి. ఏండ్లకేండ్లు కోపం చెయ్యి. చెయ్యనీకి నువ్వు ఉండాలె గదరా… నాకు నువ్వు ఉండాలె. నౌకరి లేకున్నా, కాలు లేకున్నా, నువ్వు ఉండాలె.

…

ఆ?

…

మల్లొక్కపారి చెప్పు.

…

పెడ్తవా? నీ చేతితోనే?

…

దేవునికి స్తోత్రం…

…

లేదురా, ఏడుస్తలేను. దగ్గు అంటున్న గదా.

…

అస్త, ఎందుకు రాను? షిఫ్టు దిగంగనే రామగుండంల పట్నం రైలెక్కుత. పొద్దుగాల నీ మంచం కాడుంట. మీ అవ్వకు చెప్పు, సిస్టర్లు తిట్టినా సరే, నేనచ్చేదాక నిన్ను లోపటికి పోనియ్యద్దని.

…

తానం గీనం ఏం లేదు, గిట్లనే అస్త. బూట్లు గూడ ఇప్ప.

…

ఎందుకంటే… నీకు యాదికుండదు తియ్. నువ్వు నడక నేర్సింది నా బూట్ల మీదరా. నేను డ్యూటీ దిగి వాకిట్లకు అచ్చుడే ఆలస్యం, బూట్లు ఇప్పనియ్యకపోదువు. రెండు కాళ్లు నా బూట్ల మీద పెట్టి, నా లాగు వట్టుకొని నిలవడుదువు. నేను అడుగేస్తే నువ్వు ఏసినట్టే. పోరని కాళ్లంత బొగ్గయితున్నయని మీ అవ్వ మార్తమ్మ ఒకటే ఒర్రుడు.

…

రేపు తీస్కపోకముందు… ఒక్కపారి…

…

నా బూట్ల మీద పెట్టు బిడ్డా. రెండూ పెట్టు.

…

మేడంకు నేను చెప్పుకుంట. నడువద్దు, ఊకె నిలవడితే సాలు. బరువంత నా మీదనే ఎయ్యి. నేను పట్టుకుంట.

…

ఆ… అస్తున్న సదయ్యా, అయిపాయె! … పిలుస్తుండ్రు కొడుకా. ఇగ రూపాయిలు గూడ లేవు.

…

పొద్దుగాలనే అస్త. నేనచ్చేదాక ఆ కాలు పైలంగ సూస్కో—