కడిగిన రాళ్లు

రాజమండ్రి కంటి ఆసుపత్రిలో భర్త మంచం పక్కనే ఆమె కూర్చుని ఉంది. గెస్టుహౌసు తోటలో అతిథుల చలిమంట కోసం కట్టిన సిమెంటు గ్యాసు తొట్టిలో, మంట చుట్టూ నింపిన రాళ్లలో ఒకటి పేలి, ముక్క అతని కుడికంట్లో దిగి నాలుగు రోజులైంది. రెండు కళ్లకీ కట్టు ఉంది.

“ఓనరుగారు ఏమన్నారు?”

“రేపట్నుంచి మీ బదులు మంట నన్ను వెలిగించమన్నారండి. అలాగైతే మీ పని మీకుంటుందట.”

“నువ్వా? ఇంట్లో స్టవ్వు వెలిగించడానికే ఆమడ దూరం నిలబడతావు కదే!”

“నవ్వకండి. ఎలాగో చెప్పండి.”

“ముందు ఆ రాళ్లన్నీ తీయించెయ్. ఇటుకబట్టీ నుంచి బాగా కాలిన ముక్కలు తెచ్చి నింపు. తొట్టి తడిగా ఉంటే వెలిగించకు. పొడుగు పుల్ల అంటించాకే గ్యాసు తిప్పు, మొహం వంచకు. వానొస్తే మూత వెయ్యి.”

“ఆవేళ మూత వేసే ఉంది కదండీ.”

“ఉంది. చుక్క వాన లేదు. నీళ్లు పీల్చుకున్న రాయే వేడికి అలా పేలుతుంది. రాళ్లలోకి నీళ్లెలా వచ్చాయో అర్థం కావట్లేదు.”

ఆమె మంచానికి దగ్గరగా జరిగింది.

“మసి పట్టాయని ఆవేళ పొద్దున్న నేనే బకెట్లో నానబెట్టి కడిగానండి. మా పోలవరంలో ఏటి ఒడ్డున ఏరి తెచ్చినవి కదా, మెరవాలని...”



“ఎవరికైనా చెప్పావా?”

“లేదండి.”

“చెప్పకు. డాక్టరుగారు నీతో ఏమన్నారు? కన్ను వస్తుందా?”

ఆమె దుప్పటి అంచు సర్దుతూ ఉండిపోయింది.

“సరేలే,” అన్నాడతను గోడవైపు తిరిగి. “మంట దగ్గరికి మన పాపని మాత్రం రానివ్వకు.”