డప్పు దరువుల ప్లేటు

పాటలేవీ లేకుండా ఉత్త తన డప్పు దరువులే ఎక్కిన మొదటి గ్రామఫోను ప్లేటు పట్టుకొని, మొగుడు పట్నం నుంచి ఆత్మకూరు వచ్చాడు. వచ్చినవాడు సంబరంగా ఉంటాడనుకుంటే, కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తడం లేదు. కూర వడ్డిస్తున్న పెళ్లాం అడిగింది.

“రేపు అంగడినాడు హోటల్ బుచ్చయ్య తన గ్రామఫోను పెట్టె మీద నీ ప్లేటు ఏస్తనన్నడు గద. గట్ల మొకం ఏలాడేసినవేంది?”

“ఎయ్యొద్దని చెప్పొస్త.”

“ఎందుకయ్యా?”

“గా రికార్డు చేసే గది మస్తు సల్లగుంది. ప్లేటు ఒక పక్క అయ్యేతల్కె డప్పు తోలు మెత్తవడ్డది. తోలు బిగిసేటట్టు మంట కాడ కాపుకుంటనంటే లోపల అగ్గి వద్దన్నరు. రెండో పక్కంత తడిబట్ట మీద కొట్టినట్టే ఉన్నది. నలుగురిల నా ఇజ్జత్ పోతది.”

“అయితే మొదటి పక్కనే ఎయ్యమను. నేనైతే ఇనాలె.”

“నా డప్పు నువ్వు ఇననిదా?”

“యాడ ఇన్న? నువ్వేమో ఊరేగింపు ముందల కొట్టుకుంట పోతవు. నేను పిల్లనెత్తుకొని ఆడోళ్ల ఎనుక నడుస్త. నా దాక వచ్చేతల్కె సగం మోత గాలికే పోతది. రేపు గా పెట్టె యాడికీ కదలదు. ఎదురుంగ కూసోని ఇంట.”

ఆయన మెల్లగా ముద్ద కలిపాడు.

“రెండు పక్కలు ఎయ్యమంట.”

“మరి ఇజ్జతో?”

“తోలు మెత్తవడ్డదిగని దరువు తప్పలే. జర దగ్గర కూసోని ఇను, నీకు తెలుస్తది.”