లేత్‌కి మీగడ రంగు

షెడ్డులో విప్పి తుడిచిన పాత లేత్ మెషిన్ దగ్గర తండ్రీ కూతురూ. నేల మీద రంగు డబ్బాలు.

“మళ్లీ ముదురు బూడిదేనా నాన్నా?”

“మళ్లీ ఏంటి? పుట్టినప్పట్నుంచీ దాని రంగదే.”

“కాదు. గీకితే అడుగున ఆకుపచ్చ వచ్చింది, చూడు.”

“అది ప్రైమర్.”

“ప్రైమర్ దానికింకా కింద, ఎర్రగా ఉంది. ఇది ఆకుపచ్చే.”

“సరే, ఆకుపచ్చే. నేను కొనకముందు ఎవడో వేసుంటాడు. ఇప్పుడు నీకేం కావాలి?”

“మీగడ రంగు.”

“మీగడా? ఇదేమన్నా ఫ్రిజ్జా, కూరగాయలు సర్దడానికి?”

“లేత రంగయితే ఆయిల్ కారగానే కనపడుతుంది.”

“ముదురైతే కనపడదు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది.”

“కనపడకే కదా బేరింగ్ ఎండి పట్టేసింది. ఆయిల్ పోతోందని నీకు తెలిసిందా?”

“తెలిసింది.”

“ఎప్పుడు?”

“పట్టేశాక. సర్లే, ఈ మూల కాస్త వేసి చూద్దాం. బ్రష్ ఇటివ్వు.”

“నాన్నా, బెడ్ మీద పడుతోంది. ఉలిని మోసే క్యారేజ్ జారేది దానిమీదే, అక్కడ చుక్క రంగు పడకూడదని నువ్వేగా చెప్పావు.”

“బ్రష్ వణుకుతోంది.”

“బ్రష్షా?”

“చవక బ్రష్.”

“ఇటివ్వు. ఇదిగో, నా దగ్గర వణకట్లేదు.”

“నువ్వంటే భయం దానికి.”

“మెషిన్ నాకివ్వు నాన్నా. ఎన్నిసార్లు అడగాలి?”

“రంగు వెయ్యమన్నాను. నడపమన్లేదు. నడిపేది నేనే.”

“ఆ చేత్తోనా?”

“ఈ చేతికేం?”

“పొద్దున నీ చొక్కా గుండీలు అమ్మ పెట్టింది.”

“మీ అమ్మకదో సరదా.”

“నిజంగా?”

“ఆ గుడ్డ ఇటివ్వు, బెడ్ తుడవాలి.”

“నాన్నా.”

“నీ జుట్టెప్పుడూ జారుముడే. తిరిగే చక్‌కి చుట్టుకుంటే?”

“బిగించి కట్టుకుంటా.”

“ఆ డ్రెస్సు వదులు చేతులు?”

“షెడ్డులోకొచ్చేముందే మోచేతిదాకా మడుస్తున్నా, నెల్లాళ్లుగా. నువ్వు చూసుకోలేదు.”

“చూశాను.”

“చూసి?”

“చూశానంటున్నానుగా. ఈ మీగడ మరీ సున్నంలా ఉంది. కాస్త పసుపు రంగు కలుపు.”

“కలిపితే వేస్తావా మెషినంతా?”

“నువ్వు వెయ్యి. అది ఆరేలోగా నువ్వు నిలబడ్డానికి జానెడెత్తు చెక్క మెట్టొకటి వడ్రంగితో చేయించు. దీన్ని నా ఎత్తుకి పెట్టించాను, నీకందదు.”